నలభై ఒకటో గొట్టం

టొర్‌బ్యోర్గ్, నీ చెయ్యి పట్టుకున్న తొలిరోజు
నేను కొత్త డాక్టర్ని, గట్టిగా నొక్కాను.
నువ్వు అరవలేదు. కిటికీలోంచి ట్రోమ్సో ఓడరేవు చూశావు.
"పొద్దున్న తొమ్మిదిదాకా ఇవి నావి కావు" అన్నావు
వలలు అల్లిన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని.

ఆ రోజు తీసిన రక్తం
ఇంకా ఫ్రీజర్‌లో ఉంది, మంచు గీకితే నా చేతిరాత.
రెండు మందులు ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడాయి.
మూడోది వచ్చేసరికి
నీకోసం చర్చిగంట మోగి ఆరేళ్ళు.

నిన్న ఒక కుర్రాడు, చేపల పడవ మీద పనివాడు,
నా గదిలో కూర్చుని చొక్కా గుండీలు
తనే పెట్టుకున్నాడు. పైనుంచి కిందకి. తొందర లేకుండా.
నేను కంప్యూటర్‌లో ఏదో రాస్తున్నట్టు నటించాను.

ఇప్పుడెవరి చెయ్యయినా
తడికాగితం ఎత్తినట్టే అందుకుంటాను.
వచ్చే నెల రిటైర్మెంట్.
ఫ్రీజర్ తాళం ఎవరికివ్వాలో
ఇంకా తేలలేదు.