లెక్క రాసినవాడెవరో

ఆదివారం చదవాల్సిన వాక్యం
శనివారం రాత్రే తీసిపెట్టుకుంటాను.
యోహాను, ఇరవై ఒకటి.
పాతనగరంలో కిటికీ తెరిస్తే
పోర్టు బొగ్గుపొడి పేజీ మీద వాలుతుంది.
తుడిస్తే అక్షరాలకి అంటుకుంటుంది,
అందుకే ఊదుతాను.

పాస్టరుగారు ఆ నూటయాభై మూడు చేపలకి
బోలెడు అర్థాలు చెబుతారు,
జాతులట, మర్మమట.
ఫిషింగ్ హార్బర్‌లో పంతొమ్మిదేళ్ళుగా
చిట్టా రాసే మనిషిని నేను.
నాకు మర్మమేమీ కనపడదు.
ఏడుగురు వేటకెళ్ళారు, వాటాలు వెయ్యాలి.
లెక్కెట్టకపోతే తెల్లారేసరికి తగువు.
చనిపోయి లేచినవాడు ఎదురుగా నిలబడి ఉన్నా
ఎవడో ఒకడు వంగి
తడిచేతుల్తో ఒకటి, రెండు, మూడు అని
చివరిదాకా లెక్కెట్టాడు.
ఆ మనిషంటే నాకిష్టం.
వాడి పేరెక్కడా రాయలేదు.

ఒడ్డు మీంచి అడిగే ఆ ప్రశ్న కూడా ఎరిగిందే.
"ఏటైనా పడిందేటిరా?"
నాన్న (ఊళ్ళో నూకయ్య, బాప్తిస్మంలో నతనయేలు)
ఖాళీ వలతో వచ్చిన రోజు
"పర్నేదు" అనేవాడు.
డీజిలు అప్పు, ఐసు అప్పు
ఆ ఒక్క మాట వెనకాల దాక్కునేవి.
వీళ్ళు మాత్రం లేదు అనేశారు.
రాత్రంతా వేసి, ఏటీ నేదు.
అంత తేలిగ్గా ఎలా అన్నారో.

తర్వాత పేతురు.
గోచీతో ఉన్నవాడు
పైబట్ట వేసుకుని మరీ నీళ్ళలోకి దూకడం.
ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నవ్వొస్తుంది,
దూకేవాడెవడైనా బట్టలు విప్పుతాడు గాని!
ఈసారి రాలేదు.
వాడు కప్పుకున్నది ఒళ్ళు కాదేమో.

ఒడ్డున నిప్పులు, నిప్పుల మీద చేప.
మూడు అధ్యాయాల వెనక ఇంకో మంట ఉంది.
అక్కడ చలికాచుకుంటూనే
ఆయన్నెరగనన్నాడు.
అక్కడో వేలు, ఇక్కడో వేలు పెట్టి చూశాను.
వాసన ఒక్కటే అయ్యుంటుంది.

నా మంట హార్బర్ గేటు పక్కన,
అప్పలకొండ టీబడ్డీలో బొగ్గుల పొయ్యి.
డిసెంబరు.
డీజిలు డ్రమ్ములు మాయమైన రాత్రి
నా తమ్ముడు ఫిలేమోనుని కాలరు పట్టి నిలబెట్టి
కొత్త సూపర్‌వైజరు అడిగాడు,
"మీవాడేనా, అమ్మా?"
చేతిలో గ్లాసు కాలుతోంది.
అప్పటికి పదిహేనేళ్ళ ఉద్యోగం.
"కాదండి" అన్నాను.
ఒక్కసారే. మూడుసార్లు అక్కర్లేకపోయింది.
కోడి కూయలేదు.
డాల్ఫిన్ నోస్ దగ్గర ఏదో ఓడ సైరనేసింది.
వాడు నా వైపు చూడలేదు.
చూసే ఉంటాడు,
నేను గ్లాసు చూస్తున్నాను.

భీమిలిలో పడవలకి రంగులేస్తున్నాడట.
ఎవరో చెప్పారు. నేనడగలేదు.

పదిహేనో వచనం ముందు ఆగిపోయాను.
ప్రేమిస్తున్నావా అని
అక్కడ్నించి మూడుసార్లు అడుగుతాడు.
రేపు మైకులో నా గొంతుతో అడగాలి.
కానీ అడిగింది తిన్నాక.
ముందు నిప్పు చేశాడు, చేప కాల్చాడు,
తన దగ్గర ఉండి కూడా
మీరు పట్టినవీ కొన్ని తెమ్మన్నాడు.
ఇన్నేళ్ళూ ఆ వరస గమనించనే లేదు.

పదకొండయింది.
ఫ్రిజ్ తెరిచి చూశాను.
వంజరం ముక్కలు రెండు,
కవళ్ళు ఏడో ఎనిమిదో.
మళ్ళీ లెక్కెట్టాను. ఏడు.
భీమిలి మొదటి బస్సు ఎన్నింటికో
ఎవర్నడగాలి ఈ వేళప్పుడు?