కాలి కింద చెనిక్కాయ

మొదటి దినం కుళ్లాయప్ప
జేబులోంచి ఒక చెనిక్కాయ తీసి
యాక్సిలరేటర్ మీద పెట్టినాడు.
"తొక్కు మే. పొట్టు చిట్లగూడదు."

చిట్లింది.
రెండోదీ చిట్లింది.
గార్లదిన్నె వచ్చేతలికి నా చెప్పు కింద గుప్పెడు పొట్టు.
పప్పులు మాత్రం ఏరుకుని ఆయనే తిన్నాడు.

అనంతపురం నుంచి పామిడికి
నలుగురు టీచర్లు, పోనూ రానూ.
నెలకింతని ఒకసారి మాట్లాడుకున్న బేరం.
పెట్రోలు రేటు పెరుగుతుంది, బేరం పెరగదు.
ఇంటికి తెచ్చుకునేదంతా
నా కుడికాలి బొటనవేలి కాడ ఉందని
నాకప్పటికి తెలీదు.

"లారీ ఎర్రలైటు ఎలిగినాక కాదు మే,
లారీ ముందర గొర్రెలు కనపడంగానే కాలు తియ్యి.
నువ్వు తొక్కేది బ్రేకు కాదు, దుడ్లు."

గొర్రెలను చూడ్డం నేర్చుకున్నాను.
గొర్రెల కంటే ముందు దుమ్మును.
సప్తగిరి సర్కిల్ ఎర్రలైటు అల్లంత దూరాన కనిపిస్తే
ఇప్పుడు ఉరకను.
నేను చేరేలోగా అదే పచ్చబడుతుంది
చాలాసార్లు.

డిక్కీ తెరిపించినాడొక రోజు.
సగం సిమెంటు మూట, చచ్చిన బ్యాటరీ,
మా చిన్నాయన మరిచిపోయిన ఇనుప గొలుసు.
"ఈళ్లంతా టికెట్టు ఇస్తాండారా నీకు?"

ఇంజను మూలిగితే గేరు కిందికి,
అరిస్తే పైకి. చెవి అక్కడ పెట్టు.
గేటు పడితే ఇంజను ఆపు,
గూడ్సుబండి డబ్బాలు ఎంచుకుంటా కూర్చో.
శుక్రవారం దీపం మరిచినా దేవుడు ఊరుకుంటాడు,
టైర్లకు గాలి మరిస్తే బండి ఊరుకోదు.

నాగేంద్ర తెల్లబండి హారన్ కొట్టి
నన్ను దాటి పోయినాడు, వెనక్కి చూసి నవ్వినాడు కూడా.
పామిడి బస్టాండు మలుపులో
మళ్లీ వాని వెనకే ఉన్నాను.
వాని బ్రేకుల కమురు వాసన
నా కిటికీలోకి వచ్చింది.

పెన్న బ్రిడ్జి మీద అడిగినాను,
"ఇంత పొదుపు యాడ నేర్చినావు మామా?"
కింద నీళ్లు లేవు. ఇసుక ఉంది,
ఇసుకలో ట్రాక్టరు గాట్లు ఉన్నాయి.
బ్రిడ్జి అయిపోయేదాకా ఆయన పలకలేదు.

"బోరుబండి తోలినా, పదకొండేండ్లు.
నార్పల దిక్కు ఒకాయప్ప చేను.
అరచేతిలో టెంకాయ నిలబడిందంట, ఆడే ఏసినాం.
ఎనిమిదొందల అడుగులు.
రాత్రంతా డ్రమ్ము మీద డ్రమ్ము డీజిలు తాగింది బండి.
పైకొచ్చింది తెల్లదుమ్ము.
ఇంగ పదడుగులు అన్యాడు.
ఏసినా.
ఇంగ పదడుగులు అన్యాడు.
తెల్లారినాక అడుగుకింతని లెక్క.
ఆయమ్మ చెవుల కమ్మలు తీసి
చేటలో పెట్టింది, చేతికియ్యలేదు.
నేను బండి స్టార్ట్ చేసుకోని ఎలబారినా.
ఇదే కాలు మే, ఇది."

గార్లదిన్నె దాకా మాటల్లేవు.
ఎనక సీట్లో సైన్సు టీచరు శేషారత్నం
తల కిటికీకి కొట్టుకోకుండా నిద్రపోయింది.

నోటుపుస్తకంలో రాసుకుంటాను,
ఉగాది నెలలో లీటరుకు పదమూడు,
ఈ నెల పద్దెనిమిదిన్నర.
మిగిలిన దుడ్లతో చానా చేయలేదు.
వెనక టైరు ఒకటి మార్పించినాను.

మొన్న పామిడికి పోయి వచ్చినా
కాలి కింద చెనిక్కాయ చిట్లలేదు.
ఇంటికాడ వలిచి చూస్తే లోపల పప్పు లేదు,
లొట్ట.
పోయి ఆయనకు చూపించినాను.
ఆ పొట్టును చానాసేపు వేళ్ల మధ్య తిప్పినాడు.

"లొట్టకాయే మే, బిరీన చిట్లేది.
దాన్నే కాపాడినావంటే
కాలు వచ్చినట్టే నీకు."

అని, ఆకాశం దిక్కు చూసి,
"ఈ యేడు అన్నీ ఇవే" అన్నాడు.