నాలుగు వేళ్ల ఎడం

మే నెల వచ్చినా
షెడ్డు వెనక నీడలో మంచు
ఉతకని దుప్పటిలా పడే ఉంది.
మా ఆయన ఉర్హో ఆపిల్ చెట్టు చుట్టూ తిరుగుతూ
కన్నాలు లెక్కపెడుతున్నాడు.

వరసకి తొమ్మిది. వరస కింద వరస.
దారం పట్టి కొట్టినట్టు.
"ఎవడోగానీ పనిమంతుడు" అన్నాడు ముందు.
తిట్టడం తర్వాత.

ఎర్ర టోపీ వడ్రంగి పిట్ట.
నిచ్చెన లేదు, మోకు లేదు, లొట్టి కట్టదు,
చెట్టుకి గాటు పెట్టి
ఊరిన రసం ఊరినట్టే తాగి పోతుంది.

గని మూసేసిన ఏడు
ఆఖరి జీతంలోంచి కొన్న మొక్క అది.
ముప్ఫై ఒక్క ఏళ్లు రాగి కోసం
రాతి మొహాన సుద్దచుక్కలు పెట్టి
చుక్కచుక్కకీ డ్రిల్లు దించిన మనిషి.
ఇప్పటికీ చలిగాలి తగిలితే
కుడిచేతి నాలుగు వేళ్లూ
ఆ సుద్దలాగే తెల్లబడిపోతాయి.

రేకు పళ్లేలు కట్టాడు. గాలికి మోగాయి.
మాకు నిద్ర పోయింది, పిట్టకి పోలేదు.
రబ్బరు పాముని కొమ్మకి చుట్టాడు.
దాని తలమీద రెట్ట వేసింది.
పక్కింటి ట్రెంబాత్ కంచె మీద మోచేతులాన్చి
"తుపాకీ ఉందిగా" అన్నాడు.
ఉర్హో వినపడనట్టు
బంగాళాదుంప బస్తాలు కోస్తూ కూర్చున్నాడు.

గోనెపట్ట మొదలుకంటా చుట్టి
పురికొసతో బిగించి కట్టాం.
నేను పట్టుకున్నాను, ముడి ఆయన వేశాడు;
వేళ్లు వంగక మూడుసార్లు వేశాడు.
పిట్ట బిర్చ్ చెట్టు మీదికి మారింది.
దానికీ చుట్టాం.
ఆ కోపమంతా తెల్లారుజామున
మా పొయ్యి గొట్టం మీద చూపించింది.

గురువారం వడగళ్లు పడి వెలిశాక
బొటనవేలంత హమ్మింగ్ పిట్ట ఒకటి వచ్చింది.
ఎక్కణ్ణించి ఎగిరొచ్చిందో, పెరట్లో ఒక్క పువ్వు లేదు.
బిర్చ్ చుట్టూ, గోనె చుట్టూ,
తాళం వేసిన కొట్టు ముందు గిరాకీలా
వెనక్కి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయి...

అప్పుడు అర్థమైంది
వడ్రంగి తెరిచిన దుకాణంలో
దీనికీ ఖాతా ఉందని.

ఉర్హో ఏమీ అనలేదు.
చాకు తీసుకుని వెళ్లి బిర్చ్ కట్లు కోసేశాడు.
ఆపిల్ జోలికి పోలేదు.
"అది నాది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"బిర్చ్ చచ్చిపోతుందేమో" అన్నాను.
"కన్నాలు చుట్టూరా కలిస్తే చస్తుంది."

అందుకే రోజూ పొద్దుగూకే వేళ
కాఫీ సగంలో వదిలేసి వెళ్తాడు.
మిగిలిన బెరడు మీద
తెల్లబడ్డ వేళ్లు అడ్డంగా ఆనించి చూస్తాడు.

ఇవాళ్టికి
నాలుగూ పడుతున్నాయి.