వాల్వు తిప్పేటోడు

పొద్దుగాల నాలుగున్నరకు
బోరబండ మూడో గల్లీల మూత లేపుతా.
నా బుజం ఎత్తు చాబీ.
పద్నాలుగు చుట్లు తిప్పితే
నేల కింద మంజీర దగ్గుకుంట లేస్తది.
ఎక్కువ తిప్పితే మసీదు మూల పాత పైపు పల్గుతది,
తక్కువ తిప్పితే గుట్ట మీది బిందెలన్నీ నన్ను తిడ్తయి.
ఇరవై రెండేండ్ల సంది ఇదే లెక్క, ఇదే నౌకరి.

బస్తీ దవాఖానల చెయ్యికి పట్టీ చుట్టి
నూట డెబ్బై బై నూట నాలుగు అన్నది డాక్టర్ నుజత్.
తల నొయ్యలే, కండ్లు తిరగలే అన్న.
"నేల కింద లీకయితే మీదికెల్లి కనబడ్తదా ఈదయ్యా?"
అప్పుడు కుర్చీల సక్కగ కూసున్న.

చీటీ తిర్లేసి బొమ్మ గీసింది.
కిడ్నీలు ఒక కబురు తోల్తయట,
ఊపిరితిత్తుల కాడ ఒక కత్తెర కాసుక కూసుంటదట,
అది కోసినంక కబురు హుకుం అయితదట:
నరాలు బిగించు, ఉప్పును పోనియ్యకు, నీళ్ళను పోనియ్యకు.
ఈ గోలీ ఆ కత్తెర సందుల పుల్ల పెడ్తది.
బిగింపు వదులయితది, గుండె నిమ్మళంగ తోడుకుంటది.

"మంచిగయినంక ఆపొచ్చా?"
"నువ్వు వాల్వు ఇడిసిపెట్టి ఊరికి పోతవా?"

రెండు వారాలకు రక్తం తీసిండ్రు,
కిడ్నీ లెక్క, పొటాషియం లెక్క.
పెదాలు గాని నాలుక గాని వాస్తే
గోలీ ఆపు, అంబులెన్సుకు ఫోన్ కొట్టు,
మూడుసార్లు నాతోని అప్పజెప్పిచ్చుకుంది, ఎక్కాల తీర్గ.
మోకాళ్ళ నొప్పికి దుకాణంల అడిగి మింగే గోలీ బందు.

పెదాలు వాయలే. దగ్గు పట్టింది.
తడి లేదు, కళ్ళె లేదు,
గాలి నిండిన నల్లా తీర్గ రాత్రంత ఖళ్ళు ఖళ్ళు.
యాదమ్మ చాప చుట్టుకొని పక్క అర్రలకు పోయింది.
మూడు దినాలు మిరియాల కషాయం దండగ.
కత్తెర ఆగితే అది కోసేటి ఇంకో సామాను పోగయి
గొంతుల గీరుతదట.
డాక్టర్ గోలీ మార్చింది.
ఇది కత్తెర జోలికి పోదు.
కబురు వస్తది, తలుపుకు తాళం చూసి మర్లిపోతది.
వారం పది దినాలకు చాప తిరిగొచ్చింది.

ఇయ్యాల చీకట్ల, మూత లేపంగనే
ఆసియా వాళ్ళమ్మ ఉరుక్కుంట వచ్చింది.
పిల్లకు ఐదో నెల. బీపీ ఎక్కిందట, తల పల్గుతుందట.
"నీ పత్తాల రెండు గోలీలియ్యి భాయ్, రేపు పెద్ద దవాఖానకు పోతం."
చెయ్యి జేబులకు పోయింది కూడ.
ఇరుగుపొరుగు. చక్కెర ఇచ్చినట్టే గద.
అప్పుడు యాదికొచ్చింది, పాత గోలీ అయినా కొత్తదయినా
కడుపుల బిడ్డ కిడ్నీలను ఎండగొడ్తదని.
పిడికిలి మూసిన.
ఈ చాబీ ఆ వాల్వుకు పట్టదక్కా,
రేపు గాదు, ఇప్పుడే పోవాలె.
ఆటోను నేనే ఆపిన.
రెండు గోలీలకు ఇంత పిసినారితనమా అన్నట్టు చూసి ఎక్కింది.

మూత కాడికి వచ్చేసరికి పావుగంట లేటు.
గుట్ట మీది బిందెలన్నీ తిట్టినయి.
తిట్టనీ.
మధ్యాహ్నం పట్టీ చుడితే
నూట ముప్పై రెండు బై ఎనభై నాలుగు.