ముప్పై ఎనిమిది

జీడిమెట్ల, ఫేజ్ ఫోర్, బాయిలర్ షెడ్డు.
పదిహేడేళ్లుగా ఆ బ్లోయర్‌ది ఒకటే వేగం.
నిమిషానికి పద్నాలుగు వందల ఎనభై చుట్లు,
ఆవిరి కావాలన్నా అంతే, వద్దన్నా అంతే.

మరి గాలి ఎక్కువైతే?
మొగులయ్య ఉన్నాడుగా.
నూనె గుడ్డతో చక్రం పట్టి
డాంపర్ రేకుని సగానికి మూసేవాడు.
గొట్టం మీద ఆయన సుద్దగీతలు మూడు:
రాత్రి గీత,
వానాకాలం గీత,
రంగుల సెక్షన్ బంద్ ఉన్ననాటి గీత.
ఇంజినీర్లు మారారు, గీతలు మారలేదు.

లోపల మోటారు బలమంతా పెట్టి తోస్తూనే ఉండేది,
రేకు దాని నోరు నొక్కుతూనే ఉండేది,
బాలానగర్ చౌరస్తాలో ఆటో
రేసూ బ్రేకూ ఒక్కసారే తొక్కినట్టు.
బూడిదలో పోసిన పన్నీరంటారు.
మా దగ్గర బూడిదకి కొదవ లేదు,
పన్నీరుకే నెలనెలా బిల్లు వచ్చేది.

నేను డ్రైవ్‌లు బిగించే మనిషిని.
ఆదివారం ఆరు గంటలు షట్‌డౌన్ ఇచ్చారు.
పాత స్టార్టర్ విప్పితే
కాంటాక్టర్ వెనక ఎండిన బల్లి,
ఎవరో మరిచిపోయిన టెస్టరు.
మొగులయ్య ఇటుకల మీద కూర్చుని
నా చేతులే చూస్తున్నాడు.

"చక్రం పీకేస్తవా బిడ్డా?"
"పీకను కాకా. పూర్తిగా తెరిచి వదిలేస్తా."
"వదిలేస్తే గాలి పొయ్యిని ఎత్కపోదా?"
"గాలినే తక్కువ పుట్టిస్తాం.
పుట్టించి గొంతు పిసకడం ఉండదు."

ఆయనకి నచ్చలేదు.
వేగం ఐదోవంతు తగ్గిస్తే
కరెంటు సగానికి పడిపోతుందన్నాను.
ఇంకా నచ్చలేదు.
"ఐదు రూపాయలల్ల ఒక్కటి తీస్తే
రెండున్నరే మిగుల్తయా?
ఏ కిరాణం లెక్క ఇది?"
వేగాన్ని వేగంతో గుణించి
మళ్లీ వేగంతో గుణించాలని
సిమెంటు నేల మీద సుద్దతో రాసి చూపించాను.
చాలాసేపు చూసి అన్నాడు:
"ఫైనాన్సోని వడ్డీ గిట్లనే పెరిగింది నాకు.
గిట్ల తగ్గుడు ఇప్పుడే చూస్తున్న."

సాయంత్రం నాలుగున్నరకి నాబ్ తిప్పాను.
యాభై హెర్ట్జ్.
నలభై ఆరు.
నలభై రెండు దగ్గర మేనేజర్ చేయెత్తాడు.
ఆవిరి ముల్లు కదల్లేదు.
పొగ గొట్టం వైపు మొగులయ్య తలెత్తి చూసి
ఇంకొంచెం అన్నట్టు వేలు దించాడు.
ముప్పై ఎనిమిది.
డెబ్బై ఎనిమిది దగ్గర నిలిచి ఉండే అంపియర్లు
ముప్పై ఆరు.

మేనేజర్ ఫోన్ తీసి లెక్కలు వేసుకుంటుంటే
షెడ్డులోకి చప్పుళ్లు వచ్చాయి.
ఫీడ్ పంపు కింద కారే చుక్క,
పొయ్యిలో పొట్టు దిమ్మ చిటపట,
గేటు దగ్గర వెనక్కి వస్తున్న ట్యాంకర్ పీపీ.
ఇవన్నీ ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాయా?

అప్పుడు మొగులయ్య అన్నాడు,
"చాయ్ తాగుదమా!"
కోల్ యార్డులో ఆడవాళ్లు గంపలు దించి చూశారు.
కుక్క లేచింది.
ఆయన నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు,
ఏదో పగలగొట్టినవాడిలా.

పదిరోజుల తర్వాత రీడింగులకి వెళ్లాను.
చక్రాన్ని తీగతో కట్టేసి ఉంచాడు, పూర్తిగా తెరిచి.
దాని ఆకుల మధ్య అప్పుడే సాలెగూడు.
పాత గీతలు చెరపలేదు.
కొత్త పెట్టె తలుపు మీద మాత్రం
సుద్దతో పెద్ద అక్షరాలు: 38.
"నువ్వు పోయినంక ఎవడన్నా తిప్పితే?"
దానికి తాళం, పాస్‌వర్డ్ ఉన్నాయని
నేను చెప్పలేదు.

ఇంకో మాట మాత్రం చెప్పాను,
పక్కన నిలబడి, మామూలు గొంతుతో:
ఇప్పుడు అరవక్కర్లేదు కాకా, అని.
ఆయన చెవి దగ్గరికి వంచి
"ఆఁ?" అన్నాడు.

నేను గట్టిగా చెప్పాను.