మోకు చుట్ట

కోట వీధిలో మెట్లకింద గది నాది.
ఓడల దిక్సూచులు బాగుచేస్తాను.
ముప్పయ్యేళ్లుగా అదే స్టూలు, అదే బోర్డు:
పేరు, ఫోను, దాని కింద ఈమెయిలు.

ఆ ఈమెయిల్లో సగమే నాది.
కనకారావు అన్నంతవరకు మా అమ్మ పెట్టింది.
తర్వాత మోకు చుట్టలాంటి గుర్తు,
ఆ మోకు కట్టిన గుంజ కేబుల్ కంపెనీ వాళ్లది.
వైరు లాగిన రోజున, మెయిలు ఉచితం అన్నారు.
కొబ్బరికాయ కొట్టి మరీ తీసుకున్నాను.

మొన్న మంగళవారం తవిటినాయుడు వచ్చాడు.
నిచ్చెన భుజాన్నే ఉంది, లోపలికి రాలేదు.
"కంపినీ అమ్మీసినారు బాబూ.
కొత్తోలు ఈ ఈదికి వైరు ఎయ్యరట.
నెలాకరికి నెట్టూ ఉండదు, మెయిలూ ఉండదు."
వైరు పోతే ఉత్తరాలెందుకు పోవాలిరా అన్నాను.
"రెండూ ఒక్క డబ్బాలోంచే వొస్తన్నాయి కదండీ,"
ఆ డబ్బా తనే చేసినట్టు సిగ్గుపడ్డాడు.

నిజానికి హుద్‌హుద్ అప్పుడే తెలియాలి నాకు.
కంచరపాలెంలో బావమరిదికి వేరే కంపెనీ నెట్టు,
నాలుగోరోజుకే వచ్చేసింది.
వాడింట్లో కూర్చుని నా పెట్టె తెరవబోతే తెరుచుకోలేదు.
సర్వరు గది రేకులు ఎగిరిపోయాయట.
గాలి తగ్గింది, నేను మర్చిపోయాను.

బయటి లంగరు దగ్గర ఓడని చుట్టూ తిప్పిస్తాను.
ముల్లు ఉత్తరం చూపించాలి. చూపించదు.
తను కూర్చున్న ఓడ ఇనుమే దాన్ని లాగుతుంది,
తూర్పుకి మూడు డిగ్రీలు, పడమటికి రెండు.
పక్కన చిన్న అయస్కాంతాలు దూర్చి
ముల్లుని ఆ ఇనుము నుంచి విడిపిస్తాను.
మిగిలిపోయిన తప్పు కార్డుమీద రాసి సంతకం పెడతాను.
ఉత్తరం అంటే దిక్కూ జాబూ రెండూ అయిన భాషలో పుట్టి
ఇన్ని ఓడలు సరిచేసినవాణ్ణి,
నా ఉత్తరాన్ని ఎవరి ఇనుముకో అంటించి కూర్చున్నాను.

జ్ఞానాపురంలో ఫిలోమినా కంప్యూటర్లు చూస్తుంది.
"రోడ్డేసినవాడి దగ్గరే ఇల్లు అద్దెకి తీసుకుంటారా అంకుల్?
వైరు ఎవరిదైనా ఉండనీయండి,
పెట్టె ఇంకొకరి దగ్గర పెట్టండి,
పేరు మాత్రం మీరు కొనుక్కోండి."
ఊరికే ఇచ్చేవాళ్లు లేరా అన్నాను.
"ఉన్నారు. ఊరికే ఎందుకిస్తున్నారో అడగండి."
ఈ కొత్తవాడు మాత్రం అమ్ముడుపోడా?
"పోవచ్చు. అప్పుడు మీ పేరు పట్టుకుని
ఇంకో పెట్టెకి నడిచివెళ్లిపోతారు."
ఏడాదికి ఒక దిక్సూచి అద్దం ఖరీదు కూడా కాలేదు.

అప్పుడు మొదలైంది అసలు పని.
రెండువందల పద్నాలుగు మందికి రాశాను,
ఇకమీదట ఇక్కడికి రాయండి అని.
కొచ్చి కెప్టెన్ ఒక్క బొటనవేలు పంపాడు.
చిట్టగాంగ్ సారంగు పెద్ద జాబే రాశాడు,
ఓడ తుక్కుకి పోయిందట,
నేను బిగించిన దిక్సూచి అతని అరుగుమీద ఉందట,
మనవలు దాంతో మేకల్ని లెక్కపెడుతున్నారట.
అదెలాగో రాయలేదు.

ఒక్కతనికి మాత్రం చేరలేదు.
ఎనిమిదేళ్ల కిందట మాలే రేవు నుంచి రాశాడు:
ముల్లు మళ్లీ తప్పుతోంది, వివరంగా తర్వాత రాస్తాను.
తర్వాత రాయలేదు.
అతని చిరునామా ఏ ఓడదో, నా జాబు వెనక్కొచ్చింది.
అతనికి తెలిసింది నా పాతదే.

నెలాఖరు రాత్రి పన్నెండు దాకా పాత పెట్టె ముందు కూర్చున్నాను.
పదకొండూ నలభైకి ఒకటి వచ్చింది.
కళ్లజోడు తుడుచుకుని తెరిచాను.
ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు,
అని కేబుల్ కంపెనీ.

బోర్డు రాసే గురువులు పాత అక్షరాలు గీకేశాడు.
మోకు చుట్ట ఉంచమన్నాను.
దాని తర్వాత నా పేరే, మళ్లీ.
"రెండుసార్లేటండీ?" అని నవ్వాడు.

రేకుమీద రంగు మారింది గాని
గీతలు లోతుగా దిగాయి కాబోలు,
వాన పడితే పాత చిరునామా పైకి తేలుతోంది.
మాలే మనిషి ఎప్పుడైనా ఈ రేవుకొస్తే
వానరోజున మాత్రం రాకూడదు.