రెండో వైపు, మూడో పాట

ఏడు నిమిషాల పదకొండు సెకన్లు.
నిజం చెప్పాలంటే అందుకే వేసేదాన్ని.
డులూత్‌లో, జనవరిలో, రాత్రి రెండింటికి
స్టేషన్‌లో నేనొక్కదాన్నే.
బాత్రూమ్ రెండంతస్తుల కింద.
దిగి, ఎక్కి, మధ్యలో ఒక సిగరెట్ కాల్చడానికి
మూడు నిమిషాల హిట్ పాట ఏ మూలకీ చాలదు.

బ్యాండ్ పేరు గ్రే ఫెర్రీ.
రాక్‌ఫర్డ్ కుర్రాళ్ళు ఐదుగురు,
అట్ట మీద జుట్టు తప్ప మొహాలు కనపడవు.
కీబోర్డ్ వాయించేవాడు పళ్ళ డాక్టరు కొడుకట,
కారమ్మేసి సింథసైజర్ కొన్నాడట.
మొదటి వైపు మొదటి పాట వెయ్యమంది కంపెనీ.
పగటివాళ్ళు వేశారు, పదకొండు రోజులు.
ఆ తర్వాత వాళ్ళ ఊసెత్తినవాడు లేడు.

ఈ మూడోది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది,
వెళ్తానంటూనే మళ్ళీ కూర్చునే చుట్టంలా.
మొదలవడానికే ఒకటిన్నర నిమిషం:
పొంగబోయే పాలు అంచుల్లో వణికినట్టు సింథసైజర్,
ఖాళీ గోదాములో ఎవరో తలుపేసినట్టు డ్రమ్ము.
మాటలు మామూలే. రోడ్డు, రాత్రి, నువ్వు.
ఆ 'నువ్వు'ని మాత్రం అటకెక్కించి
నిచ్చెన తీసేస్తాడు.
ఆ పైన గిటారు.
గిటారప్పుడు నేను మెట్ల మీదుండేదాన్ని.

ఒక రాత్రి ఫోను. రేనో మాటిలా,
కాగితం మిల్లుకి దుంగలు తోలే లారీ.
"ఏం పాటమ్మా అది? గిటారు పైకెక్కుతోంది,
కొండ వెనక్కి తిరిగాను, మీ స్టేషన్ పోయింది."
పేరు చెప్పాను. పెన్ను లేదన్నాడు,
అద్దానికి లోపల పట్టిన మంచు మీద
గోటితో రాసుకుంటానన్నాడు.
మళ్ళీ వారం: "హీటర్ వేశాను. కరిగిపోయింది."
మూడో వారం పేరడగలేదు.
"ఎక్కాక ఏమవుతుంది?" అన్నాడు.

ఏం చెప్పను?
"మెల్లగా దిగుతుంది," అన్నాను.
"దిగుతుందా," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

ఆ మర్నాడు బిగబట్టుకుని కూర్చున్నాను,
కాలు మీద కాలేసుకుని, సిగరెట్ వెలిగించకుండా,
మొత్తం ఏడు నిమిషాల పదకొండు సెకన్లూ.

గిటారు దిగదు.
అది ఎక్కుతూనే ఉంటుంది,
ఎవరో పక్కన నిలబడి సౌండ్ తగ్గించేస్తారు.
ఎక్కుతూనే ఉన్న మనిషి
మనకి కనపడకుండా పోయినట్టు.

అతనికి చెబుదామని ఫోను దగ్గరికి లాక్కున్నాను.
ఫిబ్రవరంతా దాన్ని అదే గంటకి వేశాను,
ఒకోసారి పది నిమిషాలు ముందు,
కొండ మలుపు రాకముందే అందుతుందేమోనని.
మార్చిలో మంచు కరిగి రోడ్లు మెత్తబడ్డాయి,
బరువు లారీలు ఆపేశారు.
జూన్‌కల్లా మా స్టేషన్‌కి డెన్వర్ నుంచి
టేపుల్లో పాటలొచ్చాయి, రాత్రికి మనిషి అక్కర్లేదన్నారు.
కోటు లోపల ఒక రికార్డు దాచుకుని మెట్లు దిగాను.

ఇప్పటికీ కొండ రోడ్డున ఏ దుంగల లారీ ఎదురైనా
కారు పక్కకి తీస్తాను.
రేనో, దిగదయ్యా అది.
నేను అబద్ధం చెప్పాను.